ఏడో అంతస్తు గాలి

నా భార్య అంత్యక్రియల్లో వేసిన పాట తప్పు పాట. ఆ సంగతి హాల్లో కూర్చున్న ఎనిమిది మందికి తెలుసు. ఎనిమిది మందీ నోరు మూసుకుని కూర్చున్నారు. వాళ్ళను నేను క్షమించలేదు.

నా పేరు ఉషియో తకెహరు. నలభై ఆరేళ్ళుగా ఇళ్ళ మీద ఎర్ర పెంకులు నేస్తున్నాను. మా ఊరి బడిలో తొమ్మిదో తరగతి అయ్యాక నాన్న నిచ్చెన చేతికిచ్చాడు. నా భార్య చిజురు రైతు సహకార సంఘంలో కౌంటరు దగ్గర పనిచేసేది. పిల్లలు లేరు. అక్టోబరు మొదట్లో క్లోమంలో గడ్డ అన్నారు. నవంబరు ఆఖరున పోయింది.

పోయిన రోజే అంత్యక్రియల సంస్థ నుంచి ఒక అమ్మాయి వచ్చింది. నల్ల కోటు, చేతిలో కాగితాల అట్ట. ఫొటో ఏది, పూలు ఏ రంగు, పూజా పీఠం ఏ సైజు, అన్నీ అడిగింది. చివరికి, శవపెట్టె మూత వేసి దహనానికి పంపే ముందు అందరూ పూలు పెట్టే పది నిమిషాలు ఏ పాట వేయమంటారని అడిగింది. ఆవిడకు ఇష్టమైన పాట ఏదైనా ఉంటే అదే వేస్తామంది. మా అమ్మ పోయినప్పుడు ఈ పద్ధతి లేదు. అప్పుడు ఏడుపు వినిపించేది, అంతే.

నేను ‘రెండో నంబరు రేవు’ అని చెప్పాను.

మేం ఇరవైల్లో ఉన్నప్పుడు ఊరూరా మోగిన పాట అది. బొంగురు గొంతు మగవాడు, రెండు గిటార్లు, ఓడ ఎక్కి వెళ్ళిపోయేవాడి గొడవ. నా ట్రక్కులో రేడియో ఒకే స్టేషను పట్టేది. అందులో మధ్యాహ్నం మా వయసు వాళ్ళ కోసం పాత హిట్లు వేసేవారు. రేవు పాట వారానికి రెండుసార్లైనా వచ్చేది. చిజురు పక్కన ఉంటే చెయ్యి చాచి వాల్యూమ్ పెంచేది. ముప్పై మూడేళ్ళు అలాగే పెంచింది. అంతకంటే ఏం తెలియాలి?

అమ్మాయి రాసుకుంది. మర్నాడు పాట మోగింది. ఎనిమిది మందీ వరసగా వచ్చి తెల్ల చామంతులు పెట్టి వంగి దండం పెట్టి వెళ్ళారు. క్షవరం చేసే ఇవనె కళ్ళు తుడుచుకున్నాడు. మంచివాళ్ళు అనుకున్నాను.

ఆ ఎనిమిది మంది ఎవరో చెప్పాలి. స్టేషను వెనక ‘ల్యాంప్’ అని ఒక కాఫీ షాపు ఉంది. నడిపేది కడోవకి సుమియె, అరవై నాలుగేళ్ళ మనిషి, భర్త చేపల పడవ మీద పోయాడు. గురువారం మధ్యాహ్నం ఒంటిగంట నుంచి నాలుగు వరకు అక్కడ మైకు పెట్టి పాటలు పాడుకుంటారు. సుమియెనూ చిజురునూ కలిపి తొమ్మిది మంది. వాళ్ళకు ఒక నియమం ఉంది: తాము హైస్కూల్లో చేరిన ఏడాదికీ పెళ్ళయిన ఏడాదికీ మధ్య వచ్చిన పాటలే పాడాలి. అంతకు ముందువి తల్లిదండ్రుల ఏడుపు పాటలు, వద్దు. తర్వాతివి వద్దు, వాటిలో ఎక్కడ ఊపిరి తీసుకోవాలో వాళ్ళకు తెలియదు.

చిజురు పదకొండేళ్ళు వెళ్ళింది. నేను ఒక్కసారి కూడా వెళ్ళలేదు. నాకు పని ఉండేది. ఆ షాపు కప్పు నేసింది నేనే. మూడేళ్ళ కిందట తుఫానుకు పైవరస లేచిపోతే బాగు చేయడానికి ఎక్కాను, ఆ రోజు గురువారమే. కింద ఎవరో పాడుతున్నారు. పెంకుల కింద మట్టి, చెక్క, దూది. డమ డమ తప్ప ఏమీ పైకి రాలేదు.

ఇంట్లో ఆమె పాడేది కాదు. పెళ్ళయిన కొత్తలో వంటింట్లో పాడుతుంటే ఆపమన్నాను. ఒక్కసారే అన్నాను.

పరామర్శకు వచ్చినవాళ్ళకు మనం తిరిగి ఏదైనా ఇవ్వాలి కదా. డిసెంబరు రెండో వారంలో ఎనిమిది టీ పొట్లాలు పట్టుకుని ల్యాంపుకు వెళ్ళాను. ఎనిమిది గుమ్మాలు తిరగడం ఎందుకని గురువారమే వెళ్ళాను. తలుపు తీయగానే దంతవైద్యుడి భార్య పాట మధ్యలో ఆపేసింది. సుమియె పాటల యంత్రం కట్టేసింది. అందరూ లేచి నిలబడ్డారు.

మైకు పక్క గోడకు మేకులు, మేకులకు చెక్క బిళ్ళలు. ఊరందరూ వెళ్ళే స్నానశాలలో చెప్పులు పెట్టే అరలకు వేలాడదీసే బిళ్ళల్లాంటివి. ఒక్కో బిళ్ళ మీద ఒక మనిషి పేరు, ఆ మనిషి పాట, శ్రుతి. ఒకరి బిళ్ళ మీదున్న పాట ఇంకొకరు పాడకూడదు. ఆ మనిషి రాని రోజున కూడా పాడకూడదు. మనిషి పోతే పాట కూడా ఆ షాపులో ఆగిపోతుంది. ఇదంతా సుమియె టీ పొట్లాలు అందుకుంటూ చెప్పింది, ఏదో ఒకటి మాట్లాడాలి కనుక. నేను చిజురు బిళ్ళ చదువుతున్నాను.

చిజురు. ఏడో అంతస్తు గాలి. రెండు మెట్లు కిందికి.

"ఇదేంటి?" అన్నాను.

"చిజురు పాటండీ," అంది సుమియె.

"చిజురు పాట రెండో నంబరు రేవు."

దంతవైద్యుడి భార్య మైకు తీగ చేతికి చుట్టుకుంటోంది.

"తకె అన్నా, కూర్చో. కాఫీ తాగు," అన్నాడు ఇవనె. చిజురు, అతను ఒకే బెంచీలో చదువుకున్నారు. అతను ఊళ్ళో అందరినీ ఏడిపిస్తాడు, నన్ను తప్ప.

"పదకొండేళ్ళూ ఇదే పాడిందా?"

"వేరేవీ పాడేది. కానీ ముందు ఇది పాడితేనే కూర్చునేది. నేను ఏడిపించేవాణ్ణి కూడా. ఏడో అంతస్తు మన ఊళ్ళో ఎక్కడుందే చిజురూ, ఆస్పత్రికే నాలుగున్నాయి అని. ‘నీ గొంతు నేలమాళిగలో ఉంది, ముందు నువ్వు పైకి రా’ అనేది."

ఇద్దరు ముగ్గురు నవ్వారు. నన్ను చూసి ఆపేశారు.

"మరి ఆ రోజు హాల్లో ఎందుకు చెప్పలేదు?"

"కర్తవి నువ్వు. నువ్వు పెట్టించిన పాట తప్పని పెట్టె పక్కన నిలబడి నేనెలా చెప్తానన్నా?"

"నోటితో."

కాఫీ తాగకుండా వచ్చేశాను.

తర్వాత వారంలో వాళ్ళను ఒక్కొక్కరినే అడిగాను. దారిలో కనిపిస్తే దారిలో, లేకపోతే ఇంటికి వెళ్ళి. దంతవైద్యుడి భార్య, అంత దుఃఖంలో ఉన్న మనిషిని ఇబ్బంది పెట్టడం మర్యాద కాదనుకున్నానంది. పోస్టాఫీసులో రిటైరైన తబర, ఎవరో ఒకరు చెప్తారులే అనుకున్నానన్నాడు. ఇంకొకావిడ, సంస్థవాళ్ళు పొరపాటు చేశారేమో, చెప్తే ఆ అమ్మాయి ఉద్యోగం పోతుందని ఊరుకున్నానంది. అందరూ వంగి వంగి మాట్లాడారు. ఎవరూ తప్పు చేశామనలేదు. డిసెంబరు ఆఖరులో తబర ఇంటి కప్పు కారింది. ఫోన్ చేశాడు. వేరే వాణ్ణి చూసుకోమన్నాను. ముప్పై కిలోమీటర్లలో వేరే వాడు లేడు.

ఒక పని మిగిలి ఉంది. జనవరి మధ్యలో ఆమె పోయిన నలభై తొమ్మిదో రోజు వస్తుంది. ఆ రోజు అస్థికల కుండను కొండ మీద మా వాళ్ళ సమాధి రాయి కింద పెట్టి మూసేస్తారు. ఆలోగా సరైన పాట దొరకాలి. ఆమె నా పాటతో రాయి కిందికి వెళ్ళకూడదు. ఇంకొకటి కూడా ఉంది. ఊళ్ళో ఎనిమిది మంది పదకొండేళ్ళు విన్న పాటను ఒక్కసారి నేనూ వినాలి. వాళ్ళను అడగకుండా వినాలి.

టీవీలో మధ్యాహ్నాలు మా ఈడు వాళ్ళకు అమ్మే పాటల పెట్టెలు చూపిస్తారు. ఐదు డిస్కులు, తొంభై పాటలు, పెద్ద అక్షరాల పుస్తకం, మీ యవ్వనం మళ్ళీ మీ ఇంటికి అంటారు. ఫోన్ చేసి తెప్పించాను. నాలుగు రోజుల్లో వచ్చింది. మొదటి డిస్కు మొదటి పాట రెండో నంబరు రేవు. తొంభై పేర్లూ రెండుసార్లు చదివాను. ఏడో అంతస్తు లేదు. పెట్టె మీద ఉన్న నంబరుకు మళ్ళీ ఫోన్ చేశాను. మర్యాదగా మాట్లాడే ఒక మనిషి వెతికి చెప్పాడు: ఆ గాయని మూడు పాటలు పాడి మానేసిందట. ఆ పాట హిట్ల జాబితాలో ఒక వారం నలభై మూడో స్థానంలో ఉందట. తమ పెట్టెల్లో పదో స్థానం లోపలివే ఉంటాయట. పెట్టె తిరిగి పంపొచ్చని కూడా చెప్పాడు. పంపలేదు. తెరిచిన వస్తువు తిప్పి పంపడం నాకు ఇష్టం ఉండదు. డిస్కులు మాత్రం వేసుకుని వినలేదు.

చిజురు వస్తువుల్లో వెతికాను. సహకార సంఘం యూనిఫారాలు, ఊరగాయల డబ్బాల మీద తేదీల చీటీలు, మందుల కాగితాలు. పాట అనేది ఒక్కటి కూడా లేదు. ఇంట్లో ఆ జాడ లేకుండా పదకొండేళ్ళు జాగ్రత్త పడిందని అప్పుడు అర్థమైంది.

జనవరి రెండో ఆదివారం సుమియె మా ఇంటికి వచ్చింది. మంచు కురుస్తోంది. బూట్లు దులుపుకుని లోపలికి వచ్చి, చిజురు ఫొటో ఉన్న పీఠం ముందు అగరొత్తి వెలిగించి గంట కొట్టింది. తర్వాత నా ఎదురుగా మోకాళ్ళ మీద కూర్చుంది. నేను టీ పోశాను. ఎనిమిది మందీ ఆ రోజు కొండ మీదికి వస్తామంటున్నారని, నేను ఒప్పుకుంటే చిజురు పాట వేస్తారని చెప్పింది. ఇవనె దగ్గర చేతిలో పట్టుకునే టేపు యంత్రం ఉందట.

అక్కర్లేదన్నాను.

ఆమె టీ కప్పు చేతిలోకి తీసుకుంది. తర్వాత అంది:

"మీరు మా మీద కోపంగా ఉన్నారు. అది సరే. కానీ మేం ఆ రోజు అది తప్పు పాట అనుకోలేదండీ."

"మరేమనుకున్నారు?"

"చిజురు చెప్పేది. రేవు పాట మా ఆయనది, ట్రక్కులో అదొస్తే నేనే పెంచుతాను, ఇంకే పాటకీ ఆయన తల ఆడదు, అదొక్కటి వస్తే మాత్రం స్టీరింగు మీద వేలు కొడతాడు, అది చూడ్డానికే పెంచుతాను అని. అందుకని మీరు మీ పాట ఆమెకిచ్చి పంపిస్తున్నారనుకున్నాం. తిరిగొచ్చేప్పుడు వ్యానులో అదే మాట్లాడుకున్నాం. ఇవనె ఊరొచ్చేదాకా ముక్కు చీదుతూనే ఉన్నాడు."

నేను స్టీరింగు మీద వేలు కొడతానని నాకు తెలియదు.

ఇక్కడ నేను ఊరుకుంటే సరిపోయేది. అవునంటే ఇంకా బాగుండేది. భార్యకు తన పాట ఇచ్చి పంపిన మనిషి అని ఊరంతా చెప్పుకునేది. తబర కూడా చెప్పుకునేవాడు. కానీ చేయని పనికి పేరు తీసుకోవడం నాకు చేతకాదు. వేయని పెంకుకు కూలి తీసుకోలేదు ఎప్పుడూ.

"నేనేమీ ఇవ్వలేదు," అన్నాను. "ఆమెకు ఇష్టమైనది అదేననుకున్నాను. తెలియక చెప్పాను."

సుమియె కప్పును చేతుల్లో ఒక్క చుట్టు తిప్పింది.

"ముందు మేమూ అదే అనుకున్నాం," అంది. "వ్యాను సొరంగం దాటేదాకా అదే. పాపం ఆయనకి తెలియదే, మనమైనా చెప్పలేదే అని. తర్వాత తబరగారు రెండోది, మీ పాట ఇచ్చి పంపారనేది, ఎత్తారు. ఊళ్ళోకొచ్చేలోపు అందరం రెండోదే నిజమనుకుందామని తేల్చుకున్నాం. లేకపోతే ఎవరికీ నిద్ర పట్టదు కదండీ."

"నాకూ పట్టలేదు."

"తెలుసు. మీ ట్రక్కు తెల్లారకముందే మా షాపు ముందు నుంచి పోతోంది."

వాళ్ళు అబద్ధం ఒప్పుకున్నారు కదా, అందుకని కోపం తగ్గిందా అంటే లేదు. ఎనిమిది మంది కలిసి నా తెలివితక్కువతనానికి ఒక అందమైన కప్పు వేశారు. అది నేను నేసిన కప్పు కాదు, దాని కింద నేను కూర్చోను. అయినా ఒక మాట అడగాల్సి వచ్చింది.

"ఆమె పాడింది ఎక్కడైనా ఉందా? ఫోన్లో, టేపులో."

"లేదండీ. ఎవరైనా ఫోన్ ఎత్తితే చేత్తో అడ్డం పెట్టేది. ఎప్పటికైనా మీ చెవిన పడుతుందని."

టీ చల్లారిపోయింది. మళ్ళీ పోయలేదు.

"రమ్మనండి," అన్నాను. "పాట తెమ్మనండి."

నలభై తొమ్మిదో రోజున మంచు ఆగింది. కొండ మెట్లు నేను తెల్లవారుజామునే పారతో శుభ్రం చేశాను. మాసుదా నుంచి చిజురు అన్న వచ్చాడు. పూజారి వచ్చాడు. ఎనిమిది మంది నల్ల బట్టల్లో ఒక మెట్టు కింద వరసగా నిలబడ్డారు. రాతి పనివాడు రాయి పక్కకు జరిపాడు. లోపల మా అమ్మానాన్నల కుండలు కనిపించాయి. చిజురు కుండ నేనే దించాను. తెల్లటి గుడ్డ విప్పేసి దించాలి, విప్పి దించాను.

పూజారి చదవడం అయిపోయింది. ఇవనె సంచిలోంచి టేపు యంత్రం తీసి రెండు చేతులతో పట్టుకున్నాడు. అందరూ నా వైపు చూశారు. కర్త తల ఆడించందే ఎవరూ ఏమీ చేయరు.

నేను తల ఆడించాను.

ముందు డ్రమ్ము, యంత్రంతో కొట్టిన డ్రమ్ము. తర్వాత మెరిసే చప్పుడుతో ఒక కీబోర్డు. ఆ కాలపు పాటలన్నీ అలాగే మొదలవుతాయి. తర్వాత గిటారు సన్నగా. నేను చేతులు కట్టుకుని నిలబడ్డాను. గొంతు రావాల్సిన చోటు వచ్చిందని నాకు కూడా తెలిసింది, కీబోర్డు పక్కకు తప్పుకుని దారి ఇచ్చింది.

గొంతు రాలేదు.

అది షాపు యంత్రంలోంచి ఎక్కించిన టేపు. పాడేవాళ్ళ కోసం వాయిద్యాలు మాత్రమే ఉండేది. రెండు మెట్లు కిందికి, చిజురు శ్రుతిలో. వాళ్ళు పాడతారని అనుకున్నాను. ఎనిమిది మంది ఉన్నారు, అందరికీ ప్రతి మాటా వచ్చు. వరసంతా చూశాను. అందరూ పెదాలు మూసుకుని నేల చూస్తున్నారు. దంతవైద్యుడి భార్య వేలితో కోటు మీద తాళం వేస్తోంది. ఇవనె తల సన్నగా ఊపుతున్నాడు. ఒక్కరు కూడా నోరు తెరవలేదు. అది ఆమె పాట. ఇంకొకరు పాడరు. వాళ్ళకు తెలిసిన మర్యాద అది.

పాడండి అని ఒక్క మాట అంటే చాలు. కర్త అడిగితే కాదనరు. కానీ అలా అడగడమంటే, ఈ పాటలో ఒక్క మాట కూడా నాకు తెలియదని ఆమె అన్న ముందు, పూజారి ముందు, రాతి పనివాడి ముందు చెప్పడమే. సుమియెకు ఒకసారి చెప్పాను. రెండోసారి నోరు రాలేదు. మొదటి చరణం పోయింది. పల్లవి పోయింది. కింద ఊరి కప్పులు కనిపిస్తున్నాయి, సగం నేను నేసినవే, మంచు కరిగిన చోట ఎర్రగా. రెండో చరణం కూడా పోయింది. అడగలేదు.

నాలుగు నిమిషాల్లోపే పాట అయిపోయింది. టేపు కాసేపు ఖాళీగా తిరిగింది. ఇవనె మీట నొక్కి ఆపాడు. రాతి పనివాడు రాయి జరిపి మూశాడు.

అందరూ వంగి దండం పెట్టారు. లేచాక ఎవరి ముఖమూ ఏడుపుగా లేదు. తేలికపడ్డట్టు ఉన్నారు. దంతవైద్యుడి భార్య పక్కావిడతో నెమ్మదిగా ఏదో అంటోంది, ఆవిడ నవ్వుతూ అవునంటోంది. ఇవనె మెట్టెక్కి నా దగ్గరికి వచ్చాడు.

"చూశావా అన్నా," అన్నాడు. "రెండో పల్లవి ఎప్పటిలాగే కాస్త ముందే అందుకుంది. పదకొండేళ్ళు చెప్పినా మార్చుకోలేదు."

అతని ముఖంలో వేళాకోళం లేదు. నిజంగానే విన్నాడు. ఎనిమిది మందీ విన్నారు. ఆ ఖాళీలో వాళ్ళకు ఆమె ఎక్కడ ఊపిరి తీసుకుందో, ఎక్కడ జారిందో, అన్నీ వినిపించాయి. ఆమె అన్న కూడా కళ్ళు మూసుకుని ఉన్నాడు. చిన్నప్పటి గొంతు ఏదో అతని దగ్గర ఉండే ఉంటుంది. నాకు డ్రమ్ము, కీబోర్డు, గిటారు వినిపించాయి.

"అవును," అన్నాను.

అదొక్కటే నేను ఆడిన అబద్ధం. అది కూడా వాళ్ళ వల్లే ఆడాను.

కొండ దిగాక భోజనాలు పెట్టాను. పెట్టాలి కనుక పెట్టాను. తబర తన కప్పు గురించి ఎత్తలేదు, నేను అడగలేదు. సుమియె వెళ్ళేటప్పుడు చిజురు బిళ్ళను గుడ్డలో చుట్టి ఇచ్చింది. పీఠం కింది అరలో పెట్టాను. గుడ్డ విప్పలేదు.

ఆ పాట మాటలు ఎవరినీ అడగలేదు. అది ఎక్కడ దొరుకుతుందో ఈ రోజుల్లో ఫోన్ చూడడం వచ్చిన ఎవరైనా నిమిషంలో చెప్తారట. చెప్పబోయినవాళ్ళను ఆపాను. ట్రక్కులో రేడియో పీకించేశాను. ల్యాంపు పైవరస పెంకులు మళ్ళీ లేచాయని సుమియె కబురు పంపింది. గురువారం కాని రోజు చూసి వెళ్ళి బాగుచేసి వచ్చాను. అది పని, దానికీ దీనికీ సంబంధం లేదు.

జరిగింది ఇది. ఒకసారి చెప్పాను. ఇంకెవరైనా నా ముందు చిజురు పాట సంగతి ఎత్తితే లేచి వెళ్ళిపోతాను. నా నోటి నుంచి ఈ మాట మళ్ళీ రాదు.